ఫైయుర్ అని ఎవరిని అంటారు

కోపెన్‌హేగెన్, మార్చి 9

ఒరేయ్ హోగ్నీ,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఊఁ" తప్ప ఇంకో ముక్క రాదు. అందుకే రాస్తున్నా. నువ్వు కూడా ఫోన్లోనే రాసి పంపు. తప్పులుంటే ఉండనీ, నేను దిద్దను.

ఒక పని చేసిపెట్టాలిరా. ఇక్కడ నా చదువు అయిపోవాలంటే ఒక మాట గురించి పుస్తకమంత రాసి ఇవ్వాలి. ఒకే ఒక్క మాట. మన ఫైయుర్ ఉంది చూడు, అది మూడేళ్ల కిందటే తీసుకున్నా. రాసేటప్పుడు మధ్యలో ఒక 'గ' పెడతాం, పలికేటప్పుడు మింగేస్తాం, అదే. పదిహేను వందల ఏళ్లకి పైబడ్డ మాట. చావు రాసిపెట్టి ఉన్నవాడు అని నిఘంటువులో ఒక్క లైను రాసి వదిలేశారు. నాకది చాలదు. మన దీవిలో, హామ్రవిక్‌లో ముసలాళ్లు ఆ మాట ఎవరిని అంటారు, ఏం చూసి అంటారు, అన్నాక ఏం చేస్తారు? అది కావాలి.

ఇల్లిల్లూ తిరిగి అడగాలి నువ్వు. నీకు గొర్రెలతో తప్ప మనుషులతో మాటల్లేవని తెలుసు. కానీ ఊళ్లో నాకింకెవరున్నారు?

నాన్నని మాత్రం అడగొద్దు. నేను ఏ మాట గురించి రాస్తున్నానో కూడా చెప్పొద్దు.

మార్యున్


హామ్రవిక్, మార్చి 10

అక్కా,

నా వల్ల కాదు.

హోగ్ని


హామ్రవిక్, మార్చి 16

మార్యున్ అక్కా,

కాదన్నా కదా. సరే, వెళ్లా. బిల్లా పెద్దమ్మ ఇంటికే వెళ్లా ముందు, ఆవిడకి చెవుడు కాబట్టి నా గొంతు వణికినా తెలీదని.

తలుపు తీసి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఎవర్రా నువ్వు, తుమ్మాస్ కొడుకువా? నీకు నోరుందా? పదహారేళ్లు దాచుకుని ఇవాళ తెచ్చావా?" అంది. నేను ఏం అడగాలో చేతి మీద రాసుకెళ్లా, అది చూసి చదివా.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. "జబ్బు చేసి మంచంలో ఉన్నవాణ్ని ఎవరంటారురా ఆ మాట, వాడి సంగతి అందరికీ తెలుసుగా. బాగున్నవాణ్ని అంటారు. బాగున్నవాడు, వాడిలా వాడు లేకపోతే, అప్పుడంటారు. మా అన్న ఓలవుర్ జన్మలో ఎవడికీ చిటికెడు పొగాకు పెట్టలేదు. ఒక ఆదివారం చర్చి బయట నిలబడి డబ్బా మొత్తం పంచాడు. నవ్వుతున్నాడు కూడా. మా అమ్మ ఇంటికొచ్చి కర్టెన్లు వేసేసింది. గురువారానికి పడవ తిరగబడింది."

"మరి ఆ ఆదివారమే ఎవరైనా చెప్పొచ్చుగా, వెళ్లొద్దని" అన్నా నేను.

"చెప్పడమేమిటి? చెప్పరు. అది మర్యాద కాదు" అంది.

ఇంత రాశా. వేళ్లు నొప్పి. నాకు అక్కడ కూర్చుంటే బాగానే అనిపించింది.

హోగ్ని


కోపెన్‌హేగెన్, మార్చి 18

తమ్ముడూ,

బంగారం రా నువ్వు. మూడుసార్లు చదివా, మా పంతులమ్మకి కూడా చదివి వినిపించా. 'వాడిలా వాడు లేకపోతే.' ఇది ఏ నిఘంటువులోనూ ఇంత తేటగా లేదు.

నీకో సంగతి చెప్తా. ఈ మాట ఒక్క మనది కాదు. ఒక తల్లి పిల్లలు తలోచోటికీ పోయినట్టు పోయింది. జర్మన్ల దగ్గర పిరికివాడు అయి కూర్చుంది. నార్వేలోనూ అంతే. డచ్చివాళ్లకి చెడ్డ సూచన. స్కాట్లండ్‌లో, చావబోయేవాడికి పట్టే పిచ్చి హుషారు. మన దీవుల్లో, ఐస్‌లండ్‌లో మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోయింది. అసలు తల్లి ఎవరో ఎవరికీ తేలలేదు. పగవాడు అనే మాటకి దగ్గర చుట్టం అని కొందరంటారు. అంటే మొదట్లో దాని అర్థం చచ్చేవాడు కాకపోవచ్చు. ఊరు వద్దనుకున్నవాడు అయ్యుండొచ్చు. రుజువు లేదు, కానీ నాకు ఆ ఊహే నచ్చుతోంది.

ఇంకా ఇళ్లు తిరుగు. అన్నాక ఊరు ఏం చేస్తుందో అడుగు. అదే ముఖ్యం.

మార్యున్


హామ్రవిక్, ఏప్రిల్ 20

మార్యున్ అక్కా,

పదకొండు ఇళ్లు అయ్యాయి. నువ్వు నమ్మవు, ఇప్పుడు చేతి మీద రాసుకోవట్లేదు. వెళ్లి కూర్చుంటా, కాఫీ పోస్తారు, నేనే ముందు మొదలుపెడతా. మొన్న పడవల కొట్టంలో అందరూ ఉండగా మన పొట్టేలు కథ చెప్పా, డెన్మార్క్ నుంచి వచ్చిన ఒకాయన చొక్కా తిన్నదే, అది. డాన్యల్ బాబాయి నవ్వి నవ్వి కింద కూర్చున్నాడు. "ఒరేయ్ మూగగొర్రె, ఇన్నాళ్లూ లోపల ఇదంతా పెట్టుకుని మమ్మల్ని చలికాలాలు ఊరికే గడపమన్నావా" అన్నాడు. ఇంటికొచ్చాక కూడా నవ్వొచ్చింది నాకు.

ఫైయుర్ సంగతి. అందరూ ఒకటే అంటారు. పీనాసి పంచితే, కోపిష్టి మెత్తబడితే. అన్నాక ఏం చేస్తారంటే ఎవరూ సరిగ్గా చెప్పరు. డాన్యల్ బాబాయి పెళ్లాం మాత్రం "ఏం చేస్తాం, మంచిగా చూసుకుంటాం" అంది.

ఇంకో మాట. నాన్న నిన్న చెప్పాడు, ఈ ఏడాది సముద్రపక్షుల గుడ్లు తియ్యడానికి కొండ అంచు నుంచి తాడు మీద నేనే దిగాలట. జూన్ మొదట్లో. పెద్ద కొండ, ఉత్తరం వైపు. నాన్న ఎప్పట్లాగే వెనక మనిషి. మడమలు గుంటలో పెట్టి కూర్చుని తాడు కొస నడుముకి కట్టుకునేది ఆయనే కదా పన్నెండేళ్లుగా. ముందు అయిదుగురు చేతులతో పడతారు. నాన్న చెప్పిందంతా ఇంతే: "దిగుతావా." నేను "ఊఁ" అన్నా. ఆయనతో అయితే నాకింకా ఊఁ యే వస్తుంది.

నాకు చాలా ఇష్టంగా ఉంది అక్కా. దిగి వస్తే ఇంక నన్ను చిన్నపిల్లాడని ఎవరూ అనరు.

హోగ్ని


కోపెన్‌హేగెన్, ఏప్రిల్ 23

హోగ్నీ,

తాడు మీదా? పదహారుకే? నాన్న తన పద్దెనిమిదో ఏట దిగాడు. సరే, నీ ఇష్టం, నేను అడ్డం రాను. తలకి ఆ హెల్మెట్ పెట్టుకో, సిగ్గుపడకు.

పదకొండు ఇళ్లు చాలు అనిపిస్తోంది. కొంచెం ఆగు. నువ్వు ఇంత మాట్లాడుతున్నావంటే సంతోషమే. మరీ ఒక్కసారిగా కాకుండా, నెమ్మదిగా.

మార్యున్


హామ్రవిక్, మే 12

మార్యున్ అక్కా,

నువ్వు ఆగమన్నావు కానీ నేను ఇంకో మూడు ఇళ్లు వెళ్లా. ఎందుకన్నావో చెప్పలేదు నువ్వు.

ఊళ్లో ఏదో తేడాగా ఉంది. ఎవరూ నన్ను ఏం అనట్లేదు, అదే తేడా. డాన్యల్ బాబాయి నన్ను మూగగొర్రె అనడం మానేశాడు. హోగ్ని అంటున్నాడు. కొట్టంలో నేను కథ మొదలుపెడితే అందరూ చివరిదాకా వింటారు, ఎవరూ మధ్యలో ఎగతాళి చెయ్యరు, అయ్యాక ఎవరూ నవ్వరు. తలలు ఊపుతారు. మొన్న వలలు సర్దుతుంటే బరువు వైపు నేను పట్టుకోబోతే వద్దు వద్దు నువ్వు కూర్చో అన్నారు.

చర్చిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మొహాలు మాత్రం మంచిగానే పెట్టారు.

నిన్న బిల్లా పెద్దమ్మ పిలిచింది. ఆవిడ మనవడు కొనిపెట్టిన ఫోన్ ఇచ్చి దీన్నెలా నొక్కాలిరా అంది. చూపించా. "అయితే అక్కడ గోడ దగ్గర నిలబడు, వెలుతురుంది. ఒక ఫోటో తీసుకుంటా" అంది. ఎందుకు పెద్దమ్మా అన్నా. "ఉండనీరా ఒకటి" అంది. తీశాక నా చెంప పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

నేనేమైనా తప్పు చేశానా?

హోగ్ని


కోపెన్‌హేగెన్, మే 12

హోగ్నీ,

ఇంక ఎవరింటికీ వెళ్లకు. కథలు చెప్పకు. తాడు మీద దిగనని నాన్నకి చెప్పు. కడుపునొప్పి అను, కాలు బెణికింది అను, ఏదో ఒకటి.

నీకర్థం కాలేదా? పదహారేళ్లు నోరు విప్పనివాడివి ఇల్లిల్లూ తిరిగి మాట్లాడావు. అది కూడా ఆ మాట గురించే అడుగుతూ. వాళ్ల కళ్లకి నువ్వెలా కనిపించి ఉంటావు? నేను పంపాను నిన్ను. నా చదువు కోసం పంపాను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఈ మాటే ఎందుకు తీసుకున్నానో నీకు చెప్పలేదు. అమ్మ పోయేనాటికి నీకు ఏడేళ్లు. నాకు పదిహేను. అమ్మ నీలాగే ఉండేది, నోట్లో మాట ఉండేది కాదు. ఆ ఆఖరి చలికాలం ఉన్నట్టుండి పాడటం మొదలుపెట్టింది. వంట చేస్తూ, గొర్రెల దగ్గర, చర్చిలో అందరికంటే గట్టిగా. సంతోషంగా ఉందిరా అంతే, నాకు తెలుసు. కానీ ఊరు ఆ మాట అనేసింది. తర్వాత ఫిబ్రవరిలో కడుపులో నొప్పి వచ్చింది. ఇరవై నాలుగు గంటలు. పొరుగు దీవి నుంచి డాక్టర్ని తీసుకురావచ్చు. ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూర్చున్నారు, తల నిమిరారు, పాటలు పాడారు. పడవ మాత్రం ఎవరూ తియ్యలేదు. రాసిపెట్టి ఉందిగా, ఎందుకు అలలతో గొడవ అని. అపెండిక్స్ రా. చిన్న కోత.

నాన్న కూడా తియ్యలేదు.

ఆ మాట ఎవరినీ చంపదు. చుట్టూ ఉన్న చేతుల్ని వదులు చేస్తుంది. నీ తాడు ఆ చేతుల్లోకే వెళ్తోంది.

మార్యున్


హామ్రవిక్, మే 15

అక్కా,

ఇది నాకు ముందే చెప్పాల్సింది.

నేను దిగనని చెప్పను. చెప్తే నేను ఫైయుర్ అని నేనే ఒప్పుకున్నట్టు. తర్వాత పడవ ఎక్కనివ్వరు, కొండ మీంచి గొర్రెలు తోలడానికి పిలవరు, మంచిగా చూసుకుంటూనే ఉంటారు. ఎన్నాళ్లు? నేను చచ్చేదాకా కదా.

మాట్లాడటం మానేశా. పాతలాగే ఉందామని. నిన్న కొట్టానికి వెళ్లి మూల కూర్చున్నా. డాన్యల్ బాబాయి పక్కాయనతో మెల్లగా అన్నాడు, నాకు వినపడింది. "చూశావా, మాటలు అయిపోయాయి వాడికి."

హోగ్ని


హామ్రవిక్, మే 29

మార్యున్ అక్కా,

చాలా జరిగింది. వరసగా రాస్తా.

నిన్న పొద్దున కొట్టంలో తాడు పరిచి చూస్తున్నాం, ఎక్కడైనా నలిగిందేమో అని. నాన్న, నేను, ఆ అయిదుగురు. డాన్యల్ బాబాయి కాఫీ కప్పు కింద పెట్టి నాన్న దగ్గరికొచ్చాడు.

"తుమ్మాస్, మేం పట్టుకుంటాం. అందులో తేడా లేదు. కానీ నువ్వు నడుముకి కట్టుకోవద్దు ఈసారి."

"ఎందుకు" అన్నాడు నాన్న.

"తెలిసిందే కదా. ఒక ఇంట్లోంచి ఒకళ్లు పోతే చాలు. నీకింకా కూతురుంది."

నేను అక్కడే ఉన్నా అక్కా. రెండడుగుల దూరంలో. నేను లేనట్టే మాట్లాడారు. అందులో ఒకాయన నా భుజం మీద చెయ్యి వేశాడు, ఓదార్చినట్టు.

నాన్న తాడు చూసుకుంటూనే ఉన్నాడు. చివరిదాకా చేత్తో తడిమి చూశాడు. తర్వాత అన్నాడు: "అయితే నేను దిగుతా. వీడు కట్టుకుంటాడు."

డాన్యల్ బాబాయి నాన్న మొహంలోకి అదోలా చూశాడు. కొత్తగా చూసినట్టు.

ఇంటికొచ్చాక నాన్న పొయ్యి దగ్గర కుర్చీ లాక్కుని నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. మాట్లాడాడు అక్కా. మధ్యాహ్నం భోజనం నుంచి గొర్రెలు తోలే వేళ దాకా. నాన్న. అమ్మ ఏ పాటలు పాడేదో చెప్పాడు, రెండు పాడి వినిపించాడు. తను చిన్నప్పుడు కొండ మీద పక్షి ముక్కుతో పొడిస్తే ఏడ్చానని చెప్పి నవ్వాడు. నాన్న పళ్లు నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. తర్వాత అన్నాడు: "ఆ రోజు అలలు ఏం లేవురా. నేనే పడవ తియ్యలేదు. వాళ్లంతా అంటుంటే నేనూ నమ్మాను. ఒకసారి వదిలాను, మళ్లీ నీ దగ్గర వదల్లేను." ఎండిన మాంసం తన వాటాలోంచి కోసి నా పళ్లెంలో పెట్టాడు.

జూన్ 3న దిగుతాడు. వాన లేకపోతే.

నాన్న బాగానే ఉన్నాడు కదా అక్కా? నువ్వు చదువుకున్నావు, చెప్పు.

హోగ్ని


కోపెన్‌హేగెన్, మే 29

హోగ్నీ,

నవ్వాడా? పాడాడా? నాన్నేనా?

ఆపు. ఎలాగైనా ఆపు. నేను వస్తున్నా.


కోపెన్‌హేగెన్, జూన్ 2

హోగ్నీ,

విమానాశ్రయంలో ఉన్నా. అక్కడ దీవుల మీద పొగమంచు, రెండు రోజులుగా విమానాలు దిగట్లేదు. నిన్న ఎక్కించి, సగం దూరం పోయి, తిప్పి తెచ్చి ఇక్కడే దింపారు. నాన్న ఫోన్ ఎత్తట్లేదు.

నీకొకటి ఒప్పుకోవాలి. నీ ఉత్తరం చదవగానే ఆ మాట నా నోట్లోకి వచ్చేసింది. మూడేళ్లుగా దాని పేగులు లెక్కబెడుతున్నదాన్ని. వాళ్లందర్నీ తిట్టినదాన్ని. నాన్న నవ్వాడని చదివి నా గదిలో కూర్చుని నేనూ కర్టెన్ వేశాను. తర్వాత నల్ల బట్టలు పెట్టెలో సర్దుకున్నాను. నా చేతులే సర్దాయి. ఇక్కడికొచ్చాక పెట్టె తెరిచి చూసుకుని అప్పుడు భయం వేసింది.

తీసి ఇక్కడే బల్ల మీద వదిలేశా.

నువ్వు మాత్రం అనుకోకు. ఒక్కడివైనా అనుకోకు. నాన్న కొడుకుతో మాట్లాడాడు, అంతే జరిగింది. రేపు ఆయన్ని ఆపలేకపోతే గట్టిగా కట్టుకో.

మార్యున్


హామ్రవిక్, జూన్ 3

అక్కా,

ఎడమ చేత్తో ఫోన్లో కొడుతున్నా, ఆలస్యం అవుతుంది.

పొద్దున పొగమంచు కిందే ఉంది, కొండ పైన ఎండ. నాన్న తాడు తొడల చుట్టూ, ఛాతీ చుట్టూ వేసుకుని అంచు దగ్గర వెనక్కి తిరిగి నిలబడ్డాడు. నేను గుంటలో మడమలు పెట్టి కూర్చున్నా. కొస నడుముకి రెండు చుట్లు తిప్పి కట్టా. డాన్యల్ బాబాయి చూసి "ఒక చుట్టు చాలు, తొందరగా విప్పుకోవడానికి ఉంటుంది" అన్నాడు. నేను మూడోది కూడా వేశా.

నాన్న దిగాడు. కింద నుంచి రెండుసార్లు లాగితే వదలమని, ఒకసారైతే ఆపమని, మూడుసార్లైతే పైకి లాగమని. రెండుసార్లు లాగుతున్నాడు, వదులుతున్నాం. ముందు అయిదుగురి వీపులే కనిపిస్తున్నాయి నాకు. పనిలో ఉంటే వాళ్లు పాడతారు కదా, ఇవాళ ఎవరూ పాడలేదు. చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డారు.

తర్వాత కింద ఎక్కడో రాయి ఊడిన చప్పుడు. పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. తాడు జర్రున పోయింది.

వాళ్లు వదల్లేదనే అంటున్నారు ఇప్పుడు. వదల్లేదు కూడా. వేళ్లు తెరుచుకున్నాయి అంతే. నేను చూశా అక్కా, అయిదుగురివీ, ఒకేసారి. ఎవరి మొహంలోనూ కంగారు లేదు. శవం ముందు టోపీ తియ్యబోయేటప్పుడు ఉంటుందే, ఆ మొహం.

నన్ను గుంటలోంచి లాగేసింది. గడ్డి మీద ఈడ్చుకుపోయా, రెండు బారలు. నడుము తెగిపోతుందనుకున్నా. కాలు ఒక రాయికి తన్నుకుని ఆగా. అప్పుడు అరిచా. ఏం అరిచానో తెలుసా? వాళ్ల పేర్లు. ఒక్కొక్కళ్ల పేరు, తండ్రి పేరుతో సహా, చర్చిలో పిలిచినట్టు. డాన్యల్ బాబాయి తండ్రి పేరు పిలిచినప్పుడు ఆయన నిద్రలోంచి లేచినట్టు నా వైపు చూశాడు. చూసి పట్టుకున్నాడు. తర్వాత మిగతావాళ్లు.

కింద నుంచి మూడుసార్లు లాగాడు. నెమ్మదిగా. అక్కా, ఆ మూడూ నా పొట్టలో తగిలాయి.

నాన్న పైకొచ్చాడు. చెవి పగిలి మెడంతా రక్తం. గుడ్ల సంచి అలాగే ఉంది, రెండే చితికాయి. గడ్డి మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. ఎవరూ దగ్గరికి రాలేదు. ఎప్పుడూ పైకొచ్చినవాడి వీపు చరిచి పొగాకు ఇస్తారు కదా. నిలబడి చూస్తున్నారంతే. ఇంకా అవ్వలేదన్నట్టు. ఇవాళ కాకపోతే ఇంకోరోజు అన్నట్టు.

"విప్పరా" అన్నాడు నాన్న.

"విప్పను" అన్నా.

రెండోసారి అనలేదు ఆయన. మధ్యలో మిగిలిన తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు, తను ముందు, నేను వెనక. అలాగే ఊళ్లోంచి నడిచాం. కిటికీల్లో అందరూ ఉన్నారు. బిల్లా పెద్దమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి నాన్న చెవి చూసింది, నన్ను చూసింది, తాడు చూసింది. లోపలికెళ్లిపోయింది. కర్టెన్ కదిలింది.

ఇప్పుడు ఇంట్లో ఉన్నాం. చెవికి గుడ్డ కట్టా. డాక్టర్ పడవకి నేనే ఫోన్ చేశా, మాట్లాడా, గంటన్నరలో వస్తామన్నారు. నాన్న కుర్చీలోనే నిద్రపోయాడు. తలకి దెబ్బ తగిలినవాళ్లని నిద్రపోనివ్వకూడదని ఫోన్లో మాట్లాడిన ఆవిడ చెప్పింది, అందుకని పది నిమిషాలకోసారి లేపి పేరు అడుగుతున్నా. తుమ్మాస్ అంటున్నాడు. ఇందాక ఒకసారి అమ్మ పేరు చెప్పాడు.

బయట వాకిట్లో ఎవరో నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురు. తలుపు కొట్టట్లేదు. ఆడవాళ్ల గొంతులు, మెల్లగా పాట మొదలుపెట్టారు.

నేను తలుపు తియ్యను. తాడు ఇంకా ఇద్దరికీ కట్టే ఉంది. ఆయన ఊపిరి పీలిస్తే కొంచెం బిగుస్తోంది, వదిలితే వదులవుతోంది.

బిగిసింది.

వదులైంది.

చూస్తున్నా అక్కా. చేత్తో పట్టుకుని చూస్తున్నా.